గాలమును వెదురుబుట్టయును

ఇంగ్లీషు దొరలు మనదేశమున వ్రాసిన వేటపుస్తకములలో హెన్రీ సల్లివన్ థామస్ గారి 'ది రాడ్ ఇన్ ఇండియా' మిక్కిలి ప్రసిద్ధము. గ్రంథకర్త మదరాసు సివిలు సర్వీసులోని ఉద్యోగి. గ్రంథము 1873లో మంగళూరున వెలువడి, పిమ్మట మరల మరల అచ్చుపడెను. దీనిని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల కాలువగట్లమీద నిలిచి చదివినచో ఎట్లుండునో విచారింపదలచితిమి.

మొదట గుణమును చెప్పుట న్యాయము. థామస్ గారు చేపల నడవడిని ఓపికతో గమనించినవారు. విషము కలుపుటచేతను, సన్నకన్నుల వలలచేతను చేపపిల్లలు నశించుచున్నవని వారు చేసిన హెచ్చరికలో సత్యము కలదు. పిల్లచేప నశించినచో రేపటి పేదవాని కూరయే నశించును.

ఇక దోషము. గాలము పట్టినవాని వేట ఇందు విద్యగా, వినోదముగా వర్ణితము. దేశీయుని వలయు బుట్టయు విశేషముగా నిందకే పాత్రములైనవి. చేప పట్టి బ్రతుకువాని మాట ఇందు వినబడదు. ఒకడు పొద్దుపుచ్చుటకు పట్టును, ఒకడు పొయ్యి రాజుకొనుటకు పట్టును. ఈ భేదమును పాటింపని విమర్శ ఎంత నిపుణమైనను అసంపూర్ణమే.

ఇట్టి చూపు పుస్తకములతో ఆగలేదు. 1897 నాటి భారత మత్స్యశాసనము మందుపాతరలను, విషప్రయోగమును నిషేధించెను, అది మంచిదే. కాని ఎంపికచేసిన నీళ్ళలో నేలకు పాతినట్టి, కదలకుండ నిలిపినట్టి వల, బోను, బుట్ట మొదలగు సాధనములను నిషేధించు అధికారమును గూడ ప్రభుత్వమున కొసగెను. చేతిలోని గాలము ఆ నిర్వచనమున పడదు. నీటివాలున నిలిపిన వెదురుబుట్ట పడును. శాసనము సాధనమును చూచెను గాని కడుపును చూడలేదు.

మన సంగతి చూతము. తెనాలి నడుమ కృష్ణకాలువలు మూడు పారుచున్నవి. వేసవిలో నీరు కట్టివేయగా గుంటలలో చేపలు చిక్కును. రేపల్లె దాటి నిజాంపట్టణము వైపు పోయినకొలది మురుగుకాలువలు, ఆటుపోటుల పాయలు, మడ అడవులు. ఈ నీళ్ళలో యానాదులు తరతరములుగా బురదలో దిగి, చేతులతో తడిమి, ఊతవేసి, బుట్టలు పెట్టి జీవించుచు వచ్చిరి. ఇచట గాలపుదొరలు లేరు. వారి స్థానమున వేలము నిలిచియున్నది. పంచాయతీ చెరువును పాటలో దక్కించుకొన్నవాడే చేపకు యజమాని. పల్లపునేలలు పెక్కు రొయ్యలచెరువులై గట్లు కట్టుకొన్నవి. నిన్న పట్టుకొన్నవాడు నేడు అదేచోట దొంగ యగుచున్నాడు. ఆ పేరు వానికి క్రొత్త గాదు: కొన్నితావుల యానాదులను నేరస్థజాతుల శాసనము క్రిందకు తెచ్చియుండిరి. అది 1952 నాటికి దేశమంతటను రద్దయ్యెను గాని, మన నాలుకమీద రద్దుకాలేదు.

విదేశపు నిదర్శన మొకటి చూపెదము. అమెరికా వాయవ్యమున ఆదిమజాతులు 1854, 1855 సంవత్సరముల సంధులలో భూములను వదలుకొనుచు, అలవాటైన తావుల 'పౌరులందరితోపాటు' చేపలు పట్టు హక్కును నిలుపుకొనిరి. 1974లో న్యాయాధిపతి జార్జి బోల్ట్ ఆ మాటకు సగముపాలు అని అర్థము చెప్పగా, వినోదపు గాలరులును వ్యాపారపు జాలరులును మండిపడి ఆయన బొమ్మను ఉరితీసిరి. 1979లో అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును చాలవరకు స్థిరపరచెను. విస్కాన్సిన్ రాష్ట్రమున ఓజిబ్వేలు రాత్రివేళ బల్లెములతో చేపలను పొడువబోగా, 1980ల చివర రేవులలో వారిపై రాళ్ళు రువ్విరి. చేపజాతి నశించునన్నది నెపము. 1991 నాటి సంయుక్త పరిశీలన ఆ నెపమును నిలువనీయలేదు. సాధనము మోటుదైనచో పట్టువాడు నాశకుడనెడి భావమే థామస్ గారి గ్రంథమునందును, ఆ రేవులందును కానవచ్చుచున్నది.

అయినను వారిచేత ఒక పత్రముండెను. న్యాయస్థానమున దానిని చూపగలిగిరి. యానాదితో ఎవ్వరును సంధి చేసికొనలేదు. 2006 అటవీహక్కుల శాసనము నీటివనరులలోని చేపపై గిరిజనుని హక్కును గుర్తించినది గాని, అడవినేల కాని కాలువగట్టున అది పనిచేయదు.

నియమములే వలదని మే మనము. విషము ఎవడు కలిపినను నేరమే. కాని ప్రతి వేలపు షరతులలోను, చేతితోను ఊతతోను బుట్టతోను పట్టుకొను యానాదికి అడ్డులేదని ఒక్క వాక్యము చేర్చుటకు కొత్త చట్టసభ యక్కరలేదు. గ్రామమున నలుగురు చదువుకొన్నవారు పట్టుపట్టిన చాలును.

వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల నడుమ పనిచేసి, 1962లో వారిని గూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. థామస్ గారి పుస్తకమును చదువువారు దీనినిగూడ చేరువనుంచుకొనుట మేలు. మొదటిది చేపను చూపును, రెండవది చేపపట్టువానిని చూపును. వాకిట తట్ట దింపి నిలిచిన యానాదిస్త్రీతో బేరమాడు మన గృహములలో ఆ రెండవ పాఠమే ముందు జరుగవలసియున్నది.