ఇంకా రాలేదా, చెడిపోయిందా?

పుంగనూరు దగ్గరి పెద్దపంజాణి పేరును యూటీఎఫ్-8లో దాస్తే 33 బైట్లు అవుతుంది. కంటికి కనిపించేవి అయిదు అక్షరాలే. యూనికోడ్ మాత్రం గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నాను విడివిడిగా లెక్కిస్తుంది కాబట్టి 11 కోడ్‌పాయింట్లు, తెలుగులో ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఈ పేరు నెట్‌వర్క్ మీద ముందు 16 బైట్లుగా, ఆ వెనక 17 బైట్లుగా వచ్చిందనుకోండి. మొదటి 15 బైట్లతో 'పెద్ద' పూర్తవుతుంది. పదహారో బైటు విలువ 224. అది 'ప'లో మూడో వంతు.

వచ్చిన ముక్కను వచ్చినట్టే మార్చేసే ప్రోగ్రాం ఇక్కడ 'ప'ను పోగొడుతుంది. దాని చోట నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం ఉన్న గుర్తులు మూడు పడతాయి, పక్కన ఆధారం లేని సున్నా మిగులుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే. ఇంగ్లీషుతోనే పరీక్షించేవాళ్లకు ఈ తప్పు ఎన్నటికీ కనపడదు.

రస్ట్ భాషలో ఈ చోటును కట్టిన తీరు నాకెంతో ఇష్టం. ఫ్రమ్_యూటీఎఫ్8 అనే ఫంక్షన్ 'తప్పు' అని చెప్పి ఊరుకోదు. ఎక్కడిదాకా బాగుందో వ్యాలిడ్_అప్_టు చెబుతుంది. ఇక్కడ 15. ఆ తర్వాతిది ఏ రకం తప్పో 2017లో చేరిన ఎర్రర్_లెన్ చెబుతుంది. అంకె వస్తే అన్ని బైట్లు నిజంగానే చెడ్డవి, వాటిని దాటి సాగాలి. అంకె బదులు 'నన్' (ఏమీ లేదు) వస్తే ఏదీ చెడలేదు, మిగతాది ఇంకా అందలేదు, అంతే. ఆ ఒక్క బైటును దాచి రెండో ముక్కకు ముందు చేరిస్తే 18 బైట్లయి, 'పంజాణి' చెక్కుచెదరకుండా వస్తుంది. ఇలా దాచాల్సింది ఎప్పుడూ మూడు బైట్లకు మించదు.

ఎదురుచూడటం కూడా గుడ్డిగా కాదు. 224 తర్వాత 160 నుంచి 191 లోపు విలువే రావాలి. తెలుగుకైతే 176 లేదా 177. అక్కడ 128 వస్తే మూడో బైటు కోసం ఆగకుండా ఫంక్షన్ అప్పుడే చెడ్డదని తేల్చేస్తుంది. చిన్న కోడ్‌పాయింట్‌ను అక్కర్లేని పొడవుతో రాసి తనిఖీ తప్పించుకోకుండా ఉండేందుకే ఈ హద్దు. 2001లో నిమ్డా వర్మ్ మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్లలోకి దూరిన దారుల్లో ఒకటి, స్లాష్‌ను అలా రెండు బైట్లుగా రాయడమే.

రావాల్సినదంతా వచ్చేశాక కూడా చేతిలో బైటు మిగిలి ఉంటే అప్పుడు 'నన్' కూడా తప్పే. ఆ సంగతి ఫంక్షన్‌కు తెలిసే వీలు లేదు, పిలిచినవాళ్లే చూసుకోవాలి. పైథాన్ ఇంక్రిమెంటల్ డీకోడర్‌కు 'ఫైనల్' అనే పరామితి ఉన్నది ఇందుకే.

ముక్క 12 బైట్ల దగ్గర తెగితే సంగతి వేరు. డీకోడర్ 'పెద్' అని ఇచ్చేస్తుంది, అందులో దోషం లేదు. తెర మీద అది ఒక్క క్షణం నిలిచి, తర్వాతి ముక్కతో 'పెద్ద' అవుతుంది. దాన్ని ఆపాలంటే అక్షరాల హద్దులు తెలిసిన మరో లైబ్రరీ కావాలి. 'ద్ద' లాంటి సంయుక్తాక్షరాన్ని విడదీయకూడదనే నియమం, తెలుగుతో సహా, 2023 నాటి యూనికోడ్ 15.1లో చేరింది.