కూలి లెక్కల గోడ

టెక్సస్‌లో ఆల్బనీ అని రెండు వేల మంది కూడా లేని ఊరొకటి ఉంది. అక్కడ 1878 నాటి కౌంటీ జైలు ఇప్పుడు చిత్రకళా మ్యూజియం. పేరులో జైలును దాచుకోలేదు. ఓల్డ్ జైల్ ఆర్ట్ సెంటర్ అనే పిలుస్తారు.

లోపలి బొమ్మల కన్నా ముందు బయటి గోడ చూడాలి. రెండంతస్తులూ సున్నపురాయి దిమ్మెలే. మన తాండూరు నాపరాయీ సున్నపురాయే గాని అది పలకలుగా లేస్తుంది. ఇక్కడి దిమ్మెల మీద దగ్గరికెళ్తే ఇంగ్లీషు పొడి అక్షరాలు కనిపిస్తాయి. రాయి చెక్కినవాళ్ళు తమ పేరు గుర్తుగా ఉలితో కొట్టుకున్నవి. ఎవరు ఎన్ని రాళ్ళు తీర్చారో తేలి, కూలి సరిగ్గా ముట్టాలని పెట్టుకున్నారని చెబుతారు. చాలాచోట్ల ఇలాంటి గుర్తులు రాయి లోపలి ముఖానికి పోతాయి, లేదంటే గచ్చు కింద మాసిపోతాయి. ఇక్కడ కూలివాడి పద్దు వీధివైపే నిలిచింది. కట్టించిన అధికారుల పేర్లు శిలాఫలకాల మీద చూసి చూసి విసిగిన కంటికి ఇది పండగ.

1929లో కొత్త జైలు రావడంతో పాతది ఖాళీ పడింది. 1940లో రాబర్ట్ నెయిల్ దాన్ని కొన్నాడు. ప్రిన్స్‌టన్‌లో చదువుకుని సొంతూరికి తిరిగొచ్చిన నాటక రచయిత. ఊరి జనాన్నే నటులుగా పెట్టి 1938లో ఆయన మొదలెట్టిన ఫాండాంగిల్ అనే ఆరుబయలు ప్రదర్శన ఇప్పటికీ ఆ ఊరి సంబరం. జైలును ఆయన రాతగదిగా వాడుకున్నాడు. గోడకు నునుపు పెట్టలేదు, అక్షరాలు చెరపలేదు. డబ్బు పెట్టి పాత కట్టడం కొన్నవాడికి చెయ్యి ఊరుకోదు. ఆయన చెయ్యి ఊరుకుంది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా గొప్ప పనితనం అదే అనిపిస్తుంది.

1968లో ఆయన పోయాక జైలు సోదరుడి కొడుకు రైలీ నెయిల్ చేతికొచ్చింది. చిత్రకారుడు బిల్ బోమర్ ఇతనికి కజిన్. ఇద్దరూ తమ ఇళ్ళలోని కళాసంపదను జతచేసి 1980లో మ్యూజియం తెరిచారు. పికాసో, మోదిల్యానీ, చైనా సమాధుల మట్టిబొమ్మలు ఇంత చిన్న ఊళ్ళో దొరకడం వింతే. చోటు చాలనప్పుడు పాత గోడల జోలికి పోకుండా పక్కన కొత్త గదులు కట్టుకున్నారు. జైలు పై అంతస్తును ఈనాటి కళాకారులకు వదిలారు. ఆ ప్రదర్శనల వరసకు పేరు సెల్ సిరీస్.

మన వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చారు. ఆసుపత్రి కావలసిందే, కాదనను. కానీ ఆల్బనీలో లాగా ఒక్క బ్లాకునైనా నిలిపి వాడకంలోకి తెచ్చే ఆలోచన గట్టిగా చేసి ఉండాల్సింది.

డల్లాస్‌లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. అక్కణ్నుంచి ఆల్బనీకి కారులో మూడు గంటల లోపే. వెళ్తే లోపలి బొమ్మల సంగతి తర్వాత చూసుకోండి, ముందు గోడ చుట్టూ ఒకసారి తిరిగి రండి.