ఉద్గార తీవ్రత: ఒక కొలబద్దపై విమర్శ

2005తో పోల్చినచో 2030 నాటికి తన స్థూల దేశీయోత్పత్తి 'ఉద్గార తీవ్రత'ను 33 నుండి 35 శాతము తగ్గింతునని భారతదేశము 2015లో ప్రపంచమునకు మాట యిచ్చినది. 2022లో ఈ లక్ష్యమును 45 శాతమునకు పెంచినది. ఈ అంకెను చూచి, దేశమున వెలువడు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) దాదాపు సగము తగ్గునని విద్యార్థులు భ్రమపడుట సులభము.

తీవ్రత యనగా ఒక భిన్నము. విడుదలైన వాయువులు లవము. దేశపు ఉత్పత్తి విలువ హారము. హారము వేగముగా పెరిగినను భిన్నము తగ్గును. ఉత్పత్తి నాలుగు రెట్లయి, తీవ్రత 45 శాతము తగ్గినదనుకొందము. 4 × 0.55 = 2.2. అనగా లక్ష్యము నెరవేరియు వాయువు రెట్టింపునకు మించును. ఆకాశమున చేరునది మొత్తమే కాని భిన్నము కాదు.

ఇంతమాత్రమున ఈ కొలతను మోసమని త్రోసివేయరాదు. తలసరి లెక్కన భారతీయుని వాటా ప్రపంచపు సగటులో సగమైనను లేదు. ఇండ్లు, వంతెనలు ఇంకను కట్టుకొనవలసిన దేశమును నేడే మొత్తము తగ్గింపుమనుట న్యాయము కాదు. చిక్కంతయు ఆ ఇండ్లు కట్టు సిమెంటులోనే ఉన్నది.

పల్నాడు, సూర్యాపేట, కడప ప్రాంతముల కర్మాగారములలో జరుగు పని సున్నపురాయిని కాల్చుట. 100 గ్రాముల కాల్షియం కార్బొనేటును కాల్చినచో 56 గ్రాముల సున్నము మిగిలి, 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. (పాఠశాల స్పిరిటు దీపపు వేడి ఇందుకు చాలదు, లెక్క మాత్రము నల్లబల్లపై చేయవచ్చును.) బొగ్గు మాని సౌరవిద్యుత్తుతో కొలిమిని వేడిచేసినను ఈ 44 గ్రాములు తప్పవు. సిమెంటు పరిశ్రమ వదలు వాయువులో సగమునకు పైగా ఇట్లు రాయినుండి వచ్చునదే. 2025 అక్టోబరులో సిమెంటు కర్మాగారములకు విధించిన లక్ష్యములు కూడ టన్నుకింత యను తీవ్రతలే. టన్నులెన్ని యనుటకు హద్దు లేదు.

కాల్చిన రాయి పాలు తగ్గించుటయే ఉపాయము. ఉక్కు కొలిములలోని లోహమలమును, థర్మల్ కేంద్రముల బూడిదను ఇప్పటికే కలుపుచున్నారు. కాని బొగ్గు వాడుక తగ్గినకొలది బూడిదయు తగ్గును! కాల్చిన బంకమన్ను మూడవ దారి. మన్ను కాలునపుడు దానినుండి వెలువడునది నీటియావిరియే. ఈ మూడింటిలో దేనికెంత చోటో దేశపు లక్ష్యపత్రమున లేదు. ఏ ఒక్క పరిశ్రమకును ప్రత్యేక బాధ్యత లేదని ఆ పత్రమే చెప్పుచున్నది.