తెలుగులో ‘మార్కెట్’: ఒక ఆదానపదం అర్థపరిణామం, విమర్శలో దాని ప్రయోగం

వ్యాససంగ్రహం: ‘మార్కెట్’ అనే ఆంగ్లపదం తెలుగులో వ్యవసాయ వాణిజ్యం, స్థిరాస్తి నమోదు, సినిమా, షేర్ల వ్యాపారం, సాహిత్యవిమర్శ రంగాల్లో ఏయే అర్థాల్లో స్థిరపడిందో ఈ వ్యాసం హైదరాబాదులోని గుడిమల్కాపూర్ నేపథ్యంగా పరిశీలిస్తుంది. విమర్శలో ఈ పదం కర్తృస్థానానికి చేరిన తీరును ప్రశ్నిస్తుంది.

కీలకపదాలు: మార్కెట్, ఆదానపదాలు, అర్థవ్యాకోచం, గుడిమల్కాపూర్, సాహిత్యవిమర్శ.

1. అంగడి, సంత, గంజ్, మార్కెట్

క్రయవిక్రయాల చోటును చెప్పే మాటలకు తెలుగులో లోటు లేదు. సంతబొమ్మాళి, సంతనూతలపాడు, సంతమాగులూరు వంటి ఊరిపేర్లలో ‘సంత’ నిలిచి ఉంది. ‘అంగడి’ రాయలసీమలో దుకాణం, తెలంగాణ పల్లెల్లో వారపు సంత. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన బజారు, గంజ్ అనే మాటలు బేగంబజార్‌లో, ఉస్మాన్‌గంజ్‌లో స్థిరపడ్డాయి. ‘మార్కెట్’ వీటిలో దేన్నీ తొలగించలేదు, వీటి పక్కనే చోటు చేసుకుంది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ పేరులో నిజాం రెండవ కుమారుడి పేరును ఆనుకొని ఈ ఆంగ్లపదం ఉంది. ఆ పరిసరాల్లోని జాంబాగ్ పూల వ్యాపారమే తరువాతి కాలంలో గుడిమల్కాపూర్‌కు తరలింది.

చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి బంతి, చామంతి, గులాబీ తెల్లవారకముందే గుడిమల్కాపూర్‌కు చేరుతాయి. బతుకమ్మ, దసరా రోజుల్లో అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు. అక్కడి వాడుకలో ‘మార్కెట్ల’ అంటే ‘మార్కెట్‌లో’ అని అర్థం. తెలంగాణ మాండలికంలో ‘లో’ ప్రత్యయం ‘ల’గా వినిపిస్తుంది. అదే రూపం దినపత్రిక వాణిజ్యపుటలో ‘మార్కెట్ల పతనం’ అన్నచోట బహువచనం. ఒకే రూపం ఒకచోట ఒక స్థలాన్ని, మరొకచోట స్థలమంటూ లేని ఒక సమూహాన్ని చెబుతోంది. ఈ వ్యాసానికి మూలప్రశ్న ఇక్కడే ఉంది.

చట్టం దృష్టిలో మార్కెట్ కేవలం నలుగురూ చేరే చోటు కాదు. నిజాం రాజ్యంలో 1930 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం, మద్రాసు రాష్ట్రంలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, వాటి స్థానంలో వచ్చిన 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, ఈ మూడూ మార్కెట్‌ను ప్రభుత్వ ప్రకటన ద్వారా ఏర్పడే వ్యవస్థగా చూశాయి. దానికి హద్దులుంటాయి, కమిటీ ఉంటుంది, ఫీజు ఉంటుంది. కమీషన్ ఏజెంటు, తూకం వేసే దడ్వాయి, మూటలు మోసే హమాలీ, ప్రతివారికీ అందులో ఒక స్థానం ఉంటుంది. ప్రభుత్వం తప్పుకుంటే మిగిలేది మార్కెట్ అనే వాదాన్ని ఈ చట్టాల ముందు పెట్టి చూడాలి.

1999లో దళారుల ప్రమేయం లేకుండా రైతు నేరుగా అమ్ముకొనే ఏర్పాటు చేసినప్పుడు దానికి ‘రైతు మార్కెట్’ అని గాక ‘రైతుబజార్’ అని పేరు పెట్టారు. గుడిమల్కాపూర్‌కు సమీపంలోని మెహదీపట్నంలోనూ అటువంటిది ఉంది. ‘రైతు’, ‘బజారు’ రెండూ అన్యదేశ్యాలే. అయినా జనం చెవికి అవి సొంత మాటలు. తరగతిలో ‘మార్కెట్’కు తెలుగు చెప్పమంటే విద్యార్థులు వెంటనే ‘విపణి’ అంటారు. వారిలో ఎవరూ విపణికి వెళ్లి కూరగాయలు తెచ్చుకోరు.

2. ధర, హీరో, సూచీ

రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ‘మార్కెట్ విలువ’ అంటే ప్రభుత్వం నిర్ణయించిన విలువ. కొనేవాడూ అమ్మేవాడూ కుదుర్చుకొన్న ధరను ‘బయటి రేటు’ అంటారు. మార్కెట్ నిర్ణయించని దానికి మార్కెట్ పేరు, అది నిర్ణయించినదానికి ‘బయటిది’ అనే పేరు!

సినిమారంగంలో ఇది మనిషికి చెందే వస్తువు. ‘ఆ హీరోకు మార్కెట్ ఉంది’, ‘మార్కెట్ పడిపోయింది’ అంటారు. ఆ మార్కెట్‌ను నేటికీ నైజాం, సీడెడ్, ఆంధ్ర అనే పాత రాజకీయ పటం మీదనే పంచుకుంటారు. 1800లో నిజాం కంపెనీకి వదులుకొన్న జిల్లాల పేరు పంపిణీదారుల లెక్కల్లో ఇంకా బతికి ఉంది. షేర్ల వార్తల్లో మార్కెట్‌కు మనోభావాలు వస్తాయి, అది భయపడుతుంది, కోలుకుంటుంది.

3. విమర్శలో కర్తగా

వ్యాకరణపరంగా చూస్తే గుడిమల్కాపూర్ వాడుకలో ఈ పదం ఎక్కువగా ‘లో’, ‘కు’ ప్రత్యయాలతో వస్తుంది. (సంప్రదాయ వ్యాకరణంలో ఈ రెండూ షష్ఠీ విభక్తికే చెందుతాయి.) 1991 ఆర్థిక సంస్కరణల తరువాతి విమర్శలో అది ప్రథమావిభక్తిలోకి వచ్చింది. మార్కెట్ శాసిస్తుంది, మింగుతుంది, కవిని కొనేస్తుంది.

అంతకు ముందు తరం విమర్శకులు వారపత్రికల సీరియళ్లను ‘వ్యాపార నవలలు’ అన్నారు. ఆ మాటలో నింద ఎంత ఉన్నా ఒక సౌలభ్యం ఉంది. వ్యాపారానికి వ్యాపారి ఉంటాడు. సంపాదకుడో, ప్రచురణకర్తో, రచయితో ఎవరో ఒకరిని వేలెత్తి చూపవచ్చు. ‘మార్కెట్ సాహిత్యం’ అన్నప్పుడు చూపడానికి ఎవరూ మిగలరు. కవితాసంపుటిని కవి తన ఖర్చుతో అచ్చువేయించి మిత్రులకు పంచిపెట్టే చోట ‘మార్కెట్ కవిత్వాన్ని మింగింది’ అనడంలో అర్థమేమిటో కూడా ఆలోచించాలి.

1997–98లో వరంగల్ ప్రాంతంలో పత్తిరైతుల ఆత్మహత్యల అనంతరం వెలువడిన సాహిత్యాన్ని చదివేటప్పుడు ఈ లోపం మరింత తీవ్రమవుతుంది. విత్తనం, పురుగుమందు అరువిచ్చినవాడే తరచుగా అప్పుకు వడ్డీ లెక్కగట్టేవాడు, పంటను కొనేవాడు కూడా. ఆ రైతు అతణ్ణి పేరు పెట్టి పిలిచి ఉంటాడు, ‘సేటూ’ అని బతిమాలి ఉంటాడు. విమర్శకుడు ‘మార్కెట్ రైతును చంపింది’ అని రాసినప్పుడు ఆ మనిషి వాక్యంలోంచి తప్పించుకుంటాడు. పత్తిధర ప్రపంచస్థాయి కదలికలను బట్టి మారుతుంది, దానికి ఒక ముఖం లేదు అనే వాదంలో నిజముంది. ఆ కదలికలను చెప్పడానికి నైరూప్యపదం అవసరమే. కాని ధర ఎక్కడ తగ్గినా ఆ తగ్గుదల రైతు చేతికి చేరేది యార్డులో, ఒక తూకం దగ్గర, ఒక చిట్టీ మీద.

కథకులు దీన్ని గమనించకపోలేదు. తరుగు, కమీషన్, బీటు, దడ్వాయి, హమాలీ వంటి మాటలు తెలంగాణ కథల్లో సందర్భసహితంగా కనిపిస్తాయి. మన సిద్ధాంతగ్రంథాల్లో మాత్రం అవి చివరి అధ్యాయంలోని మాండలికపదాల పట్టికలో, అర్థానికి ఎదురుగా ఒక్క మాటతో ఆగిపోతున్నాయి. ‘తరుగు: తగ్గింపు’ అని రాసిన చోట, ఆ తగ్గింపును ఎవరు, ఎంత, ఎవరి లెక్కలోంచి తీశారన్న వివరం ఆ కథలోనే ఉంటుంది.