కళాపూర్ణోదయంలో పునర్జన్మ: పరరూప ప్రణయం, కథాస్మృతి

పింగళి సూరన 16వ శతాబ్దంలో రచించిన కళాపూర్ణోదయంపై వచ్చిన విమర్శలో కథాసంవిధానానికే అగ్రస్థానం లభించింది. కట్టమంచి రామలింగారెడ్డి 1914 నాటి కవిత్వతత్త్వవిచారంలో సూరన కల్పనాశక్తిని విశేషంగా ప్రశంసించారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ఆంగ్లానువాదాన్ని ప్రచురించిన తరువాత ఈ కావ్యాన్ని నవలగా చదవాలన్న ఆలోచనకు బలం చేకూరింది. అయితే చిక్కుముడి వేసి విప్పే నేర్పునే నవలాలక్షణంగా భావిస్తే, ఇందులోని పునర్జన్మ ఆ ముడి విప్పే సాధనంగా మాత్రమే మిగులుతుంది. సూరన పునర్జన్మను అంతకంటె గంభీరమైన ప్రయోజనానికి వినియోగించాడని ఈ వ్యాసం ప్రతిపాదన.

పునర్జన్మ ప్రణయకథలకు మనకు పరిచితమైన నమూనా ఒకటి ఉంది. ఒక జన్మలో ప్రేమించుకొని కలిసి బతకలేకపోయిన ఇద్దరు మరుజన్మలో దంపతులవుతారు. మూగమనసులు (1964) చలనచిత్రం ఇందుకు ప్రసిద్ధోదాహరణ. ఈ నమూనాలో ప్రేమ మొదటి జన్మలోనే సిద్ధించి ఉంటుంది. ఫలం మాత్రమే వాయిదా పడుతుంది. సూరన కథ దీనికి భిన్నం. ద్వారకలోని వేశ్యాకన్య కలభాషిణి మనసు పడినది నలకూబరునిపై. తపస్సు చేస్తున్న మణికంధరుని మనసును చలింపజేసినది రంభ. కలభాషిణి రంభ రూపాన్నీ, మణికంధరుడు నలకూబరుని రూపాన్నీ ధరిస్తారు. ఇద్దరూ పరరూపాలలోనే ప్రణయాన్ని అనుభవిస్తారు. నారదునితో పాటు సంగీతం అభ్యసించిన ఈ ఇద్దరికీ కళలో పొత్తు ఉంది గాని, ఒకరి ముఖాన్ని ఒకరు కోరుకున్న సందర్భం లేదు. అసలు రంభ, మాయారంభ ఎదురుపడి కలహించే ఘట్టం హాస్యం కోసమే కల్పించినది కాదు. రూపం చేత ప్రేమించబడటానికీ, తానుగా ప్రేమించబడటానికీ మధ్య గల దూరం అక్కడ బయటపడుతుంది. మణికంధరుడు కళాపూర్ణుడుగా, కలభాషిణి మధురలాలసగా జన్మించడంలో పాత ప్రేమ పునరావృతం కాదు. వారు తమ తమ రూపాలతో కలుసుకొనేది అప్పుడే.

ఈ పఠనానికి శాలీన సుగాత్రుల కథ బలమిస్తుంది. సర్వాలంకారభూషితయై దరిచేరిన భార్యను శాలీనుడు స్పృశింపడు. ఆభరణాలు తీసివేసి తోటపనిలో తోడ్పడిన సుగాత్రిపై అతనికి అనురాగం కలుగుతుంది. దీనిని సాధారణంగా దాంపత్య మనస్తత్త్వ చిత్రణగా ప్రశంసిస్తారు. ప్రధానకథ పక్కన నిలిపి చూస్తే ఇది దానికి సూక్ష్మప్రతిరూపం: పైపూత తొలగినప్పుడు గాని మనిషి కనిపించదు.

మరి రెండవ జన్మలో గుర్తింపు ఎలా కలుగుతుంది? చూడగానే పూర్వవాసన మేల్కొనడం ద్వారా కాదు. కళాపూర్ణుని సభలో మణిహారం ఎదపై తాకగానే శిశువైన మధురలాలస నోరు విప్పి పూర్వవృత్తాంతం చెబుతుంది. రాజు తన కథను తానే శ్రోతగా వింటాడు. ఆ కథ అంతకుముందే బ్రహ్మ సరస్వతికి చెప్పినది. వారి ప్రణయక్రీడలోని భంగిమలే పాత్రలుగా మారినవి. అంటే జీవితం కంటె కథ ముందు పుట్టింది. పాత్రలు మరచిపోయినది తమ ప్రేమను మాత్రమే కాదు, తాము ఏ కథలోని వారో ఆ కథను కూడా. కావ్యనామంలోని కళ చంద్రకళనూ శిల్పసంగీతాది కళలనూ సూచించే పదం. ఇక్కడ పూర్ణమయ్యేది నాయకుడొక్కడే కాదు, చెదరిపోయిన కథ కూడా. సుగాత్రి కథలో ఆభరణం మనిషిని మరుగుపరచింది. ఇక్కడ ఆభరణమే మాట్లాడించింది. ఈ వైరుధ్యం యాదృచ్ఛికమని చెప్పడం కష్టం.

అయితే ఈ పూర్ణతకు ఒక మూల్యం ఉంది. కలభాషిణి వేశ్యాకన్యగా ఉన్న శరీరంతో ఆ స్థానాన్ని పొందలేదు. మదాశయ మహారాజు కుమార్తెగా పుట్టిన తరువాతనే పట్టమహిషీపదానికి అర్హురాలైంది. అప్పటికీ కళాపూర్ణునికి అభినవకౌముది భార్యగా ఉన్నది. నిజరూపంలో గుర్తింపు అన్న ఆదర్శాన్ని ప్రతిపాదించిన కావ్యమే, కులవృత్తి విషయంలో రూపం మారవలసిందేనని అంగీకరించింది. సూరన ఈ అంగీకారాన్ని ప్రశ్నించలేదు. కాని రహస్యాన్ని విప్పే వాక్కును రాజుకు గాని మునికి గాని కాక, ఒకనాడు వేశ్యాకన్యగా ఉన్న ఆ జీవికే అప్పగించాడు. సభలో అందరూ వింటుండగా ఆమె తన పూర్వనామాన్ని తానే పలికింది. జన్మ మారినా ఆ పేరు చెరిగిపోలేదు.

కళాపూర్ణోదయాన్ని నవల అనవచ్చునా అన్న చర్చకు కథాచమత్కృతి ఒక్కటే ఆధారం కాజాలదు. ఒక వ్యక్తి తనను తాను తెలుసుకోవడానికి కథ అవసరమన్న భావనను నిర్మాణసూత్రంగా స్వీకరించడమే ఈ కావ్యాన్ని ప్రబంధపరిధికి ఆవలకు తీసుకొనిపోయింది. సూరన ఆధునికతను అక్కడ వెదకడం సమంజసం.