మెత్తటి గొంతు మీద అభియోగం

జిమ్ రీవ్స్ అంటే నాకు చాలాకాలం చిన్నచూపు. కంట్రీ సంగీతం గురించి కొంచెం చదివి, చాలా విని, అంతకన్నా ఎక్కువ వాదించే రోజుల్లో, అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా దేవుళ్ళు వేరే ఉండేవాళ్ళు. హాంక్ విలియమ్స్, కార్టర్ ఫ్యామిలీ, ముసలితనంలో ఒట్టి గిటార్‌తో పాడిన జానీ క్యాష్. గొంతులో గరుకు లేనివాడు నిజం చెప్పడని గట్టి నమ్మకం. రీవ్స్ గొంతేమో వెన్నముద్ద. వెనక కోరస్, వయొలిన్లు. "లిఫ్టులో వేసుకునే సంగీతం" అని ఒక స్నేహితుడి దగ్గర తేల్చేశాను కూడా.

అలా అనేసినా, నేను పెరిగింది ఆ గొంతు వింటూనే. మాది కాజీపేట. నాన్న రైల్వేలో గార్డు. మా సందు చివరింట్లో రిటైరైన ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. పిల్లలందరికీ అంకుల్. ఆదివారం మధ్యాహ్నం ఆయన కిటికీలోంచి బాల్ కర్రీ వాసనా, టేప్‌రికార్డర్లోంచి రీవ్స్ గొంతూ కలిసే వచ్చేవి. మన దేశంలో చాలా రైల్వే కాలనీల్లో, క్రైస్తవుల ఇళ్ళల్లో ఇది మామూలు సంగతే. టెక్సాస్‌లో పుట్టి 1964లో విమాన ప్రమాదంలో పోయిన మనిషి ఇక్కడి క్రిస్మస్ పండగల్లో ఇప్పటికీ పాడుతూనే ఉన్నాడు.

మొదట్లో రీవ్స్ కూడా అందరిలాగే గొంతెత్తి పాడేవాడు. 1953 నాటి 'మెక్సికన్ జో' వింటే ఇతనేనా అనిపిస్తుంది. 1957లో 'ఫోర్ వాల్స్' దగ్గర మారాడు. మైక్‌కి బాగా దగ్గరగా వచ్చి, స్వరం దించి, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడాడు. రేడియో అనౌన్సర్‌గా పనిచేసినవాడు కదా, మైక్ అవతల ఉండేది జనం కాదు, గదిలో ఒక్క మనిషి అని తెలిసే ఉంటుంది. ఆ పద్ధతికి పరాకాష్ఠ 'హీల్ హ్యావ్ టు గో'. 1959 చివర్లో రికార్డుకి రెండోవైపు పాటగా వచ్చి, మరుసటి ఏడాది కంట్రీ చార్టులో 14 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. పాటంతా ఒక ఫోన్‌కాల్. బార్‌లోంచి ఒకడు తన మనిషికి ఫోన్ చేశాడు. అవతల ఆమె పక్కన ఇంకొకడున్నాడు. అరవొచ్చు, తిట్టొచ్చు. ఇతను మాత్రం దగ్గరగా మాట్లాడమంటాడు, ఇక్కడ పాటల పెట్టె శబ్దం తగ్గించమని చెబుతానంటాడు. ఓడిపోబోతున్నవాడి మర్యాద అది. అదే పాట హాంక్ విలియమ్స్ గొంతులో ఊహించి చూడండి, రెండో లైనుకే ఫోన్ పెట్టేస్తుంది ఆమె.

నా అసలు గొడవ ఆయన గాస్పెల్ పాటలతో. 1962 నాటి 'వియ్ థాంక్ థీ' ఆల్బమ్‌లో 'దిస్ వరల్డ్ ఈజ్ నాట్ మై హోమ్' అనే పాత కీర్తన ఉంది. ఈ భూమ్మీద మనం బాటసారులం, అసలు ఇల్లు పైన ఉంది అనే భావం. మన తత్త్వాల్లో వినే మాటే. కార్టర్ ఫ్యామిలీ దీన్నే 1931లో, ఆర్థిక మాంద్యం నడుస్తుండగా రికార్డు చేసింది. దుమ్ము తుఫాన్లకీ అప్పులకీ ఊళ్ళొదిలి కాలిఫోర్నియా చేరిన కూలీల శిబిరాల్లో వుడీ గత్రీ ఆ కీర్తన విని మండిపడ్డాడు. ఆకలితో ఉన్నవాళ్ళకి ఓపిక పట్టమని నేర్పే పాట ఇది అని. అదే వరస తీసుకుని, ఇల్లంటే నిజంగా ఇల్లే అనే అర్థంలో, దాన్ని లాక్కున్నవాళ్ళ మీద తిరగరాశాడు. అది 1940లో 'డస్ట్ బౌల్ బ్యాలడ్స్'లో వచ్చింది. తమాషా ఏమిటంటే రీవ్స్ కీర్తననీ, గత్రీ తిరుగుబాటునీ అమ్మింది ఒకటే కంపెనీ, ఆర్‌సీఏ విక్టర్.

ఇదంతా తెలిసిన ఉత్సాహంలో ఒక సెలవుల్లో అంకుల్ దగ్గరికెళ్ళి నా ఫోన్‌లో గత్రీ పాట వినిపించాను. వెనకున్న కథ కూడా చెప్పాను, ఉపన్యాసం లాగే. ఆయన చివరిదాకా విన్నాడు.

"మంచి పాట మ్యాన్. వీడు కుర్రాడు, కదా?"

"అప్పటికి ముప్ఫై కూడా లేవంకుల్."

"అదే అనుకున్నా" అని టీ పెట్టడానికి లేచాడు.

అప్పటికి నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆయన అన్నదమ్ములు ఎప్పుడో ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. పిల్లలిద్దరూ పెర్త్‌లో. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి అద్దింట్లో ఉన్నాడు. "మీ దేశం ఎప్పుడు పోతారు?" అని మా సందులోనే నవ్వుతూ అడిగినవాళ్ళున్నారు, నేనూ చిన్నప్పుడు అడిగాను. కాజీపేటలో పుట్టిన మనిషిని. అలాంటివాడు వినే ఆ కీర్తనకి, శిబిరంలో కూలీలకి వినిపించిన కీర్తనకి మాటలు ఒకటే కావచ్చు. నేను మాటలే విన్నాను.

గత్రీ తప్పని అనడంలేదు. ఆ కీర్తన మీద ఆయన అభియోగం ఇప్పటికీ నిలుస్తుంది. కానీ గత్రీ పాటకి పక్కన ఇంకో పదిమంది కావాలి. అది కలిసి పాడుకునే పాట. ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే ఉన్న ఇంట్లో దాన్ని ఎవరితో పాడాలి? రీవ్స్ దాన్ని కార్టర్ ఫ్యామిలీలా నిక్కచ్చిగా ప్రకటించడు, ఎవర్నీ ఒప్పించబోడు. ఫోన్‌లో మాట్లాడిన గొంతుతోనే, అదే దూరంలోంచి పాడతాడు. ఆ మెత్తదనాన్ని నేను రాజీ అనుకున్నాను. అది దూరానికి సంబంధించిన లెక్క: చెవికి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ గొంతు చాలు.

ఇలా అన్నానని అన్నీ వెనకేసుకు రాను. పాడకుండా కథ చెప్పే రికార్డులు, ముఖ్యంగా 'ఓల్డ్ టైజ్' కుక్క కథ, ఇప్పటికీ భరించలేను. చనిపోయాక కంపెనీ చేసిన పనులు మరీ ఘోరం. పాత టేపులకి కొత్త వాయిద్యాలు అతికించారు. 1981లో ప్యాట్సీ క్లైన్‌తో యుగళగీతం కూడా తయారుచేశారు. ఆమె 1963లో, ఈయన ఆ మరుసటి ఏడు, ఇద్దరూ విమాన ప్రమాదాల్లోనే పోయారు. సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి ఎలా అతికించారో ఆసక్తిగా చదివాను. విన్నది మాత్రం ఒక్కసారే.

అంకుల్ పోయి చాలాకాలమైంది. లోక్‌సభలో ఆంగ్లో ఇండియన్లకుండే రెండు నామినేటెడ్ సీట్లు 2020లో రద్దయ్యాయన్న వార్త ఆయన చూడలేదు. అంత్యక్రియలకి నేను వెళ్ళలేకపోయాను, ఆఫీసులో రిలీజ్ ఉంది. అమ్మ వెళ్ళింది. పెర్త్ నుంచి పిల్లలు వచ్చారని, సమాధి దగ్గర ఆ పాటే పాడారని, సగంలో కూతురు ఆపేస్తే మిగతాది మా నాన్న ఈలలో పూర్తిచేశాడని చెప్పింది. మాటలు ఆయనకి ఎప్పుడూ రావు. సందులో ముప్ఫై ఏళ్ళు విని వరస వచ్చేసింది.