బ్యాటరీ కన్నా ముందు ఎర్త్

పాత మోటార్ హోమ్ మొరాయిస్తే మొదటి వేటు బ్యాటరీ మీదే పడుతుంది. సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది, లోపలి లైట్లు మసకబారతాయి, గ్యాస్ మీద నడవాల్సిన ఫ్రిజ్ కంట్రోల్ బోర్డుకు వోల్టేజి చాలక ఆగిపోతుంది. యజమాని కొత్త బ్యాటరీ తెచ్చి పెడతాడు, బండి కదులుతుంది, కొన్నాళ్లకు జబ్బు తిరగబెడుతుంది. అమెరికాలో ఇరవై, ముప్పై ఏళ్ల వయసున్న ఇలాంటి బళ్లు చేతులు మారుతూ తిరుగుతూనే ఉన్నాయి. సెలవుల్లో నేషనల్ పార్కులు చూసొద్దామని అక్కడి తెలుగువాళ్లూ కొంటుంటారు. వరసగా బ్యాటరీలను మింగేస్తున్న బండిలో ముందు అనుమానించాల్సింది కరెంటు తిరిగొచ్చే దారిని, అంటే మన ఆటో ఎలక్ట్రీషియన్లు ఎర్త్ అనే మైనస్ వైపును. బ్యాటరీ చెడిపోయిన మాట నిజమే కావచ్చు. దాన్ని చెడగొట్టిందెవరన్నదే అసలు ప్రశ్న.

ఈ అనుమానానికి ఆధారం బండి కట్టుబడిలోనే ఉంది. కారుకైతే ఒళ్లంతా ఇనుప రేకు. శుభ్రంగా గీకి ఎక్కడ బోల్టు బిగించినా మైనస్ దొరుకుతుంది. మోటార్ హోమ్‌లో ఛాసిస్ ఒక కంపెనీది, ఉదాహరణకు ఫోర్డ్ ఈ-450; దాని మీద కట్టిన ఇల్లు ఇంకో కంపెనీది. ఆ ఇల్లు చాలా బళ్లలో చెక్క ఫ్రేము, ఫైబర్‌గ్లాస్, పల్చటి అల్యూమినియం రేకు. కరెంటుకు అది నమ్మదగ్గ దారి కాదు. అందుకే టెయిల్ లైటు నుంచి నీళ్ల పంపు దాకా మైనస్ వైర్లు ఎక్కడో ఒకచోట కిందికి దిగి ఛాసిస్‌కు కొట్టిన స్క్రూల దగ్గర ముగుస్తాయి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని ఛాసిస్‌తో కలపడానికి వేరే పట్టీ కావాలి. ఈ కీళ్లన్నీ చక్రాల బురద చిమ్మే చోటే ఉంటాయి. మంచు కురిసే రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పైకి బోల్టు బిగువుగానే కనిపిస్తుంది, వాషరు కింద తుప్పు పేరుకుంటుంది. ఇండికేటర్ వేస్తే సంబంధం లేని ఇంకో దీపం మినుకుమనడం, హెడ్‌లైట్లు వేయగానే ఇంధనం ముల్లు జరగడం బ్యాటరీ లక్షణాలు కావు. తన దారి మూసుకుపోయిన కరెంటు పక్కింటి పెరట్లోంచి నడుస్తోందన్నమాట. ఇంజిన్ పట్టీ తెగితే సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి పోయి దాన్ని మాడ్చేయనూ గలదు.

మల్టీమీటర్ పెట్టి చూశాం, 12.6 వోల్టులు వచ్చింది, ఎర్త్ బాగానే ఉంది అనేవాళ్లున్నారు. బండి నిలబడి ఉండగా తీసిన ఆ రీడింగు బ్యాటరీ నిండుగా ఉందని చెబుతుంది, కీలు గురించి ఏమీ చెప్పదు. మీటరు తనలోంచి పోనిచ్చే కరెంటు దాదాపు సున్నా. అంత సన్నటి కరెంటుకు తుప్పు పట్టిన కీలు కూడా అడ్డు రాదు. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగిందనుకోండి. కీలులో ఓమ్‌లో వెయ్యింట ఐదు వంతుల అడ్డంకి ఉన్నా అక్కడే ఒక వోల్టు పోతుంది, 200 వాట్ల వేడి పుడుతుంది. అంత చిన్న అడ్డంకిని మామూలు మీటరు ఓమ్స్ మీద పెట్టి పట్టుకోలేం. అందుకే కరెంటు పారుతుండగా కొలవాలి: ఒక ముల్లు బ్యాటరీ మైనస్ సీసపు పోస్టు మీద, క్లాంపు మీద కాదు, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద, ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. 0.2 వోల్టుల లోపుంటే దిగులు లేదు. అర వోల్టు చూపిస్తే రెండో ముల్లును వెనక్కి జరుపుకుంటూ రావాలి, ఛాసిస్, కేబుల్ కొస, క్లాంపు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే ఆ చోటుకీ అంతకుముందు ముట్టుకున్న చోటుకీ మధ్యే దోషం. విజయవాడ ఆటోనగర్‌లో 24 వోల్టుల లారీకైనా పద్ధతి ఇదే.

చార్జింగ్ కూడా ఈ దారినే తిరిగొస్తుంది. ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులున్నా, ఎర్త్ కీలులో 0.6 పోతే ఇంటి భాగానికి కరెంటిచ్చే బ్యాటరీకి అందేది 13.6. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తగ్గుతుంది, దాంతో ఆ నష్టమూ తగ్గుతుంది, చివరికి నిండుతుంది కదా అని తెలిసినవాళ్లు అడ్డు చెబుతారు. లెక్క సరైనదే. కానీ ఆ నిండటానికి గంటలు గంటలు పడుతుంది, మోటార్ హోమ్ రెండు గంటలు నడిచి క్యాంపులో ఆగుతుంది. ఏళ్ల తరబడి సగం నిండీ నిండక పడి ఉన్న బ్యాటరీ పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా పూర్తిగా కోలుకోదు. అప్పుడు కొత్తది వేస్తే దాని గతీ అంతే.

ఆరేళ్ల బ్యాటరీని పరీక్షించడం దండగ, మార్చేయడమే తెలివి అనే వాదనలో కొంత సబబుంది. కీళ్లన్నీ శుభ్రంగా ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు పోస్టుల మధ్య వోల్టేజి 9.6 కన్నా కిందికి జారితే మార్చాల్సిందే. షెడ్డులో పెట్టిన బండిలో గ్యాస్ డిటెక్టరు, రేడియో మెమరీ కలిసి 0.1 ఆంపియరు తాగినా రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆరు వారాల్లో ఖాళీ అవుతుంది. దానికి ఎర్త్‌ను నిందించలేం. అయినా ముందు కొలవమనే అంటాను, గరుకు కాగితంతో రుద్ది కొత్త వాషరు వేయడానికి అయ్యే ఖర్చు బ్యాటరీ ధరలో లెక్కలోకి రాదు కాబట్టి. తెగిన కీలు వెతకడమెందుకు, ఇంకో వైరు లాగేద్దాం అనేది నాకు నచ్చని దారి. పాత కీలు అలాగే ఉండి తర్వాత వచ్చేవాణ్ని తికమక పెడుతుంది.

ఈ చొరవంతా 12 వోల్టుల వరకే. క్యాంపులో బయటినుంచి తీసుకునే 120 వోల్టుల లైనుకూ ఎర్త్ ఉంది, దాని పని వేరు. బండి ప్యానెల్‌లో దాన్ని న్యూట్రల్‌తో కలపకూడదు. ఆ రెండూ కలవాల్సింది కరెంటు వచ్చే చోట. ఆ ఎర్త్ తెగి ఉండగా లోపల ఎక్కడైనా లైవు తగిలితే బండి ఛాసిస్ మొత్తం షాకు కొడుతుంది. తలుపు పట్టుకుంటే చురుక్కుమందా, మీటరు కోసం వెతక్కుండా క్యాంపు కరెంటు స్తంభం దగ్గర బ్రేకరు ఆపి, ప్లగ్గు పీకి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.